వీథిబడిలో వీసపు లెక్క

1822లో చెన్నపురి గవర్నరు సర్ థామస్ మన్రో, దేశీయ పాఠశాలల వివరములు పంపవలసినదని కలెక్టర్ల నాదేశించెను. మరుసటి యేడు బళ్లారి కలెక్టరు కాంబెల్ పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు కనబడుదురు. అందు 226 తెలుగు బడులు.

ఆ బాలురు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దిరి; ఎక్కములు వల్లించిరి; పిదప వాడుకలోని నాణెములకును, కొలతలకును భిన్నములు కట్టిరి. పెద్దవాడు చిన్నవానికి చెప్పుచు తన పాఠమును గట్టిపరచుకొనెడివాడు. ఈ పద్ధతిని కాంబెల్ మిక్కిలి మెచ్చుకొనెను. అర్థము తెలియని పద్యములను కంఠస్థము చేయించుటను మాత్రము తప్పుపట్టెను.

ఆ తప్పు పద్యములకే పరిమితమా? పుట్టికి ఇరువది తూములు, తూమునకు నాలుగు కుంచములు. కావున పుట్టిలో వీసము పాలు, అనగా పదునారవ వంతు, ఐదు కుంచములు. ఎక్కములన్నియు అప్పగించియు ఈపాటి తేల్చలేనివానికి గణితమును అర్థముకాని పద్యమువంటిదే. కళ్లములో గింజలు కొలిచినవానికి అది వ్రేళ్లమీది పని.

1957 ఏప్రిల్ 1న రూపాయి 100 నయాపైసలయ్యెను. మరుసటి యేడు మెట్రిక్ తూకములు మొదలయ్యెను. పిల్లలకు బరువు తగ్గెను, నిజమే. వీసపుటెక్కము బడి విడిచెను. కుంచము మాత్రము చాల యేండ్లు కళ్లములోనే నిలిచియుండెను.