ర్యాంకు కోసమా, రాబడి కోసమా? టెన్నిస్ ఆటగాళ్ల క్యాలెండర్ లెక్క

2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచిన 19 ఏళ్ల కుర్రాడు గుర్తున్నాడా? పేరు నిశేష్ బసవరెడ్డి. నెల్లూరు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన దంపతుల కొడుకు. మ్యాచ్ చివరికి జొకోవిచ్‌దే అయింది. అయితే నిశేష్ ఆ కోర్టుదాకా ఎలా వచ్చాడో చూస్తే టెన్నిస్ జమాఖర్చు మొత్తం అర్థమవుతుంది.

అతనికి దక్కింది వైల్డ్ కార్డు. అదేమీ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 2024 చివర్లో కొన్ని వారాలపాటు హార్డ్ కోర్టు టోర్నీల్లో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న అమెరికన్‌కు ఆ అవకాశం ఇస్తామని అక్కడి టెన్నిస్ సంఘం ముందే ప్రకటించింది. ఆ ఏడాదే నిశేష్ టిబురాన్, ప్యూర్టో వయార్టా చాలెంజర్ టైటిళ్లు గెలిచాడు. డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ కాలేజీ జట్టు వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు.

ఇక పాయింట్ల సంగతి. గెలిచిన ప్రతి పాయింటుకూ ఆయుష్షు 52 వారాలే. ఈ మార్చిలో ఎం25 టోర్నీ గెలిస్తే వచ్చే 25 పాయింట్లు, వచ్చే మార్చికి రాలిపోతాయి. వాటి స్థానంలో కొత్తవి తెచ్చుకోకపోతే ర్యాంకు జారుతుంది. ఏడాదిలో ఎన్ని టోర్నీలు ఆడినా బాగా ఆడిన కొన్నే లెక్కలోకి వస్తాయి కాబట్టి, ఊరికే తిరిగినంత మాత్రాన ర్యాంకు పెరగదు. గ్రాండ్‌స్లామ్ విజేతకు 2000, ఆ కింద 1000, 500, 250 స్థాయి టోర్నీలు, తర్వాత 175 నుంచి 50 వరకు చాలెంజర్లు, అట్టడుగున ఐటీఎఫ్ వారి ఎం25, ఎం15. మహిళలకూ పద్ధతి ఇదే, అంకెలే వేరు.

అసలు బాధంతా అట్టడుగునే. ఎం15 టోర్నీలో వరసగా అయిదు మ్యాచ్‌లు గెలిచి కప్పు ఎత్తినవాడికి 15 పాయింట్లు, 2,160 డాలర్లు. మొదటి రౌండులో ఓడితే 156 డాలర్లు, పాయింట్లు సున్నా. అదే 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండులో ఓడినా 10 పాయింట్లు, 1,32,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. వారమంతా గెలిచినవాడికీ ఒక్క రోజులో ఓడినవాడికీ పాయింట్లలో తేడా అయిదే. డబ్బులో తేడా మాత్రం ఎన్నో రెట్లు. టికెట్లు, హోటలు, రాకెట్‌కు తీగలు వేయించుకునే ఖర్చు తీసేస్తే ఎం15 గెలిచిన వారం కూడా చాలామందికి చేతిచమురే.

అందుకే అందరి చూపూ గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ మీద. ర్యాంకు సుమారు 220-250 లోపు ఉంటే అందులో చోటు దొరుకుతుంది. 2025లో వింబుల్డన్ క్వాలిఫయింగ్ మొదటి రౌండులో ఓడినవారికి 15,500 పౌండ్లు, మెయిన్ డ్రా మొదటి రౌండుకు 66,000 పౌండ్లు ఇచ్చారు. ఏడాదికి ఇలాంటివి నాలుగు. కింది స్థాయి ఆటగాడి బడ్జెట్ నిలబడేది వీటిమీదే. ఎంట్రీలు కొన్ని వారాల ముందే ముగుస్తాయి కాబట్టి, జూన్‌లో ఆడాలంటే ర్యాంకు అంతకుముందే అందుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో చిన్న ఊళ్ల టోర్నీల్లో పెద్ద ర్యాంకులవాళ్లు కనిపించడానికి కారణం చాలావరకు ఇదే.

సుమిత్ నాగల్ ఉదాహరణ చూడండి. 2023 సెప్టెంబరులో, భారత నంబర్ వన్‌గా ఉంటూ, తన ఖాతాలో సుమారు 900 యూరోలే ఉన్నాయని చెప్పాడు. నాలుగు నెలల తర్వాత క్వాలిఫయింగ్ దాటి ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండుకు చేరాడు. చేతికొచ్చింది 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. వెంటనే ఫిబ్రవరిలో చెన్నై చాలెంజర్ గెలిచి టాప్ 100లోకి వచ్చాడు. 2024లో ఏటీపీ వారు టాప్ 100కు 3 లక్షల డాలర్లు, 101-175కు లక్షన్నర, 176-250కు 75 వేలు కనీస ఆదాయంగా హామీ ఇచ్చారు. 251వ ర్యాంకువాడికి ఆ ఊరట కూడా లేదు.

డబుల్స్ మరో దారి. దాని ర్యాంకు వేరు. మణికట్టు గాయాల తర్వాత సానియా మీర్జా 2013లో సింగిల్స్ వదిలేసింది. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, అదే ఏడు హింగిస్‌తో కలిసి వింబుల్డన్ గెలిచింది. జర్మనీలో క్లబ్ లీగ్ మ్యాచ్‌లు ఆడేవాళ్లూ ఉన్నారు. వాటికి ర్యాంకు పాయింట్లు రావు, క్లబ్బు డబ్బు ఇస్తుంది.

మన ఈస్ట్ హామ్ నుంచి పిల్లల్ని స్ట్రాట్‌ఫర్డ్ దగ్గరి లీ వ్యాలీ కోర్టులకు తీసుకెళ్లే తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన చిక్కు ఇంకొకటి ఉంది. బ్రిటిష్ పాస్‌పోర్టుతో షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్ తిరిగితే ఆ రోజులు ఇట్టే అయిపోతాయి. ఇండియన్ పాస్‌పోర్టయితే ముందు వీసా దొరకాలి. ట్యునీసియాలోని మొనాస్టిర్, ఈజిప్టులోని షార్మ్ ఎల్ షేక్, టర్కీలోని అంతాల్యా ఈ షెంగెన్ లెక్కలోకి రావు. వరసగా వారం వారం ఎం15, డబ్ల్యూ15 టోర్నీలు పెట్టేది కూడా అక్కడే. ఒకే హోటల్లో మూడు నాలుగు వారాలు ఉండి ఆడితే విమాన ఖర్చు ఒక్కసారే.

నా మటుకు నాకు, 18 ఏళ్లకే ఆ చక్రంలో పడటంకన్నా నిశేష్‌లా అమెరికా కాలేజీ దారి నయమనిపిస్తుంది. ప్రైజ్ మనీ మీద కాలేజీ పరిమితులు ఉంటూ వచ్చాయి నిజమే. కానీ కోచ్, కోర్టు, చదువు మూడూ అక్కడే దొరుకుతాయి. కాలేజీ ర్యాంకుల్లో పైనున్నవారికి చాలెంజర్లలో నేరుగా చోటిచ్చే పథకం 2023 నుంచి ఉంది కూడా. మన విశాఖ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడి వచ్చినవాడే. 2016లో క్వాలిఫయింగ్ గెలిచి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడాడు.

ఇదంతా కళ్లారా చూడాలంటే జూన్ చివర్లో రోహాంప్టన్‌లో జరిగే వింబుల్డన్ క్వాలిఫయింగ్‌కు వెళ్లండి. ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి, ఎర్ల్స్ కోర్ట్‌లో మారి పుట్నీ బ్రిడ్జి దాకా వెళ్తే అక్కడి నుంచి బస్సు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.