ఐపాడ్ లోపల హైదరాబాద్

ఐపాడ్ పుట్టుక గురించి ఎవరు రాసినా కాలిఫోర్నియాలో మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. 2001 అక్టోబర్ 23న స్టీవ్ జాబ్స్ జీన్స్ జేబులోంచి చిన్న తెల్లపెట్టె తీసి, ఇందులో వెయ్యి పాటలున్నాయని చూపించడంతో ఆ కథ కంచికి చేరుతుంది. కానీ ఐపాడ్ తయారీలో మనవాళ్ల పాలు కూడా ఉంది. తుంగభద్ర దాటి ఉత్తరానికి పోతే, కర్నూలుకు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, హైదరాబాద్‌లో ఐపాడ్ లోపలి చిప్పును నడిపే కోడ్ పని కొంత జరిగింది. చేయించుకున్న కంపెనీ పేరు పోర్టల్‌ప్లేయర్. ఇవాళ ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లల్ని అడిగితే ఆ పేరు విన్నవాళ్లు అరుదు. ఆ కథను మన వైపు నుంచి చెప్పాలని చాలాకాలంగా నా కోరిక.

ముందు, ఐపాడ్ రాకముందు ఈ రంగంలో ఏలుబడి ఎవరిదో చెప్పుకోవాలి. నడుస్తూ పాట వినే అలవాటును లోకానికి నేర్పింది సోనీ వాక్‌మన్. 1979 జూలై 1న జపాన్ అంగళ్లలోకి వచ్చింది. తర్వాతి ఇరవయ్యేళ్లు, క్యాసెట్ పోయి సీడీ వచ్చినా, ఆ రంగంలో పెద్దపేరు సోనీదే. కడప జిల్లాకు పాట వినే యంత్రాలు ఇంకో దారిన కూడా వచ్చాయి. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు నుంచి కువైట్‌కు పోయినవాళ్లు సెలవుకొచ్చేటప్పుడు తెచ్చే పెట్టెల్లో బట్టలతోపాటు టేపురికార్డరో, టూ ఇన్ వన్నో ఉండేది. గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లలో ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాటలు నింపి పంపుకోవడం కూడా ఉండేది. అందువల్ల టేపురికార్డరంటే మా వైపు ఉత్త పాటల పెట్టె కాదు, దూరాన ఉన్న మనిషి గొంతు దాచుకునే పెట్టె కూడా.

సోనీ పీఠాన్ని కదిలించింది మాత్రం మరో పెట్టె కాదు, ఒక లెక్క. సీడీలో ఉన్న పాట నిమిషానికి దాదాపు 10 మెగాబైట్లు తింటుంది. చెవికి ఎటూ వినపడని ధ్వనుల్ని తీసేసి, మిగిలినదాన్ని కుదిస్తే నిమిషానికి ఒక మెగాబైటు చాలు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ తదితరులు ఏళ్ల తరబడి ఈ పనిమీద కూర్చున్నారు. 1995లో ఆ ఫైళ్లకు ఎంపీత్రీ అనే తోక తగిలించారు. 1998లో కొరియా కంపెనీ సేహాన్ ఎంపీమ్యాన్‌ను, అమెరికా కంపెనీ డైమండ్ రియోను బజారులో పెట్టాయి. రెండింటిలోనూ 32 మెగాబైట్లే. అరగంట పాటలు పట్టేవి, అంతే. అయినా రియోను చూసి అమెరికా రికార్డు కంపెనీలు బెదిరి కోర్టుకెక్కాయి. 1999లో తీర్పు రియో పక్షాన వచ్చింది. ఆ తీర్పు అటు తిరిగి ఉంటే తర్వాతి కథ నడిచేది కాదని నా అభిప్రాయం.

తరువాతి అడుగు హార్డ్ డిస్క్. సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 2000లో నోమాడ్ జూక్‌బాక్స్ తెచ్చింది. 6 గిగాబైట్లు, అంటే వందకు పైగా ఆల్బములు. కానీ అది సీడీ ప్లేయరంత పెట్టె, జేబులో పట్టేది కాదు. అప్పటి యూఎస్‌బీ తీగ నత్తనడక నడిచేది కాబట్టి పాటలు నింపడానికి గంటలు పట్టేది. సోనీ సంగతి వేరు. దానికి సొంత రికార్డు కంపెనీ ఉంది, ఆ పాటలు ఎవరైనా ఊరికే ఎత్తుకుపోతారన్న భయం ఉంది. అందుకని తన డిజిటల్ వాక్‌మన్లలో నేరుగా ఎంపీత్రీ పాడించడానికి 2004 దాకా ఒప్పుకోలేదు. ఏలుతున్నవాడు తన ఆస్తికి తానే కాపలా కూర్చున్నప్పుడు బయటివాడికి దారి దొరుకుతుంది.

ఆ సందులో పుట్టింది పోర్టల్‌ప్లేయర్. నేషనల్ సెమీకండక్టర్ నుంచి బయటికొచ్చినవాళ్లు 1999లో కాలిఫోర్నియాలో పెట్టిన కంపెనీ ఇది. ప్లేయర్లు తయారుచేసి అమ్మడం వాళ్ల ఆలోచన కాదు. ప్లేయర్‌కు కావలసిన చిప్పు, దాన్ని నడిపే ఫర్మ్‌వేర్, బోర్డు నమూనా అన్నీ సిద్ధం చేసి ఇస్తారు, పైన డబ్బా ఎవరిదైనా కావచ్చు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రం తెరిచారు. దాని బాధ్యత జె.ఎ. చౌదరిది. అంతకుముందు సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్ హైదరాబాద్ శాఖకు సంచాలకుడిగా ఉండి, కంపెనీలను ఆ ఊరికి రప్పించిన మనిషి ఆయన. సైబర్ టవర్స్ తెరిచి అప్పటికి ఏడాదో రెండేళ్లో. కర్నూలు, కడప కాలేజీల నుంచి బయటపడిన పిల్లలు రాత్రి బస్సెక్కి అమీర్‌పేటలో దిగి కోర్సుల బోర్డులు చదువుకుంటున్న కాలం. అమెరికా బ్యాంకులకు ప్రోగ్రాములు రాసిపెట్టడమే హైదరాబాద్ పని అని అందరూ అనుకుంటున్నప్పుడు, చిప్పు లోపల కూర్చునే కోడ్ ఇక్కడ రాయించాలనుకోవడం సాహసమే.

ఇటు ఆపిల్‌లో 2001 మొదట్లో సంగతి: పాటల ప్రోగ్రాము ఐట్యూన్స్ విడుదలైంది, దానికి తోడుగా చేతిలో పట్టే యంత్రం లేదు. ఫిబ్రవరిలో జపాన్ వెళ్లిన ఆపిల్ మనిషి జాన్ రూబిన్‌స్టైన్‌కు తోషిబావాళ్లు 1.8 అంగుళాల చిన్న హార్డ్ డిస్క్ చూపించారు. 5 గిగాబైట్లు. దేనికి వాడాలో వాళ్లకే తెలియదు, ఆయనకు మాత్రం చూడగానే తెలిసింది. పని నడిపించడానికి టోనీ ఫాడెల్ వచ్చాడు. ఆ క్రిస్మస్ లోపల సరుకు అంగట్లో ఉండాలన్నది గడువు. అంత తక్కువ కాలంలో చిప్పునూ ఫర్మ్‌వేర్‌నూ మొదటి నుంచీ కట్టుకురావడం ఎవరి తరమూ కాదు. సగం దారి అప్పటికే నడిచినవాళ్లు కావాలి. ఫాడెల్ చూసి వచ్చిన కంపెనీల్లో పోర్టల్‌ప్లేయర్ దగ్గర ఆ సరంజామా ఉంది.

పోర్టల్‌ప్లేయర్‌లో అప్పుడు పనిచేసిన బెన్ నౌస్ 2004లో వైర్డ్ పత్రికకు ఆ రోజుల గురించి చెప్పాడు. అప్పటికి కంపెనీ చేతిలో ఉన్న మిగతా ఖాతాదారులందరినీ పక్కనపెట్టారట. అమెరికాలో 200 మంది, భారతదేశంలో 80 మంది ఇంజనీర్లు ఎనిమిది నెలల పాటు ఐపాడ్ ఒక్కటే పనిగా పెట్టుకున్నారట. ఆ 80 అనే సంఖ్య నా దృష్టిలో చాలా పెద్దది. పోర్టల్‌ప్లేయర్‌లో ఐపాడ్ మీద కూర్చున్న ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఇక్కడివాళ్లే. నమూనా యంత్రాలను చెప్పుల డబ్బా అంత ప్లాస్టిక్ పెట్టెల్లో మూసి, మీటలు, తెర వేరువేరు చోట్ల పెట్టి పంపేవారని, అసలు రూపం ఎలా ఉంటుందో పనిచేసేవాళ్లకే తెలియకుండా ఆపిల్ జాగ్రత్త పడిందని కూడా ఆయన చెప్పాడు.

వాళ్లు చేసిన పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. చిప్పు పేరు పీపీ5002. అందులో రెండు ఏఆర్ఎం ప్రాసెసర్లు పక్కపక్కన ఉంటాయి. కుదించిన పాటను విప్పడం, డిస్కు నుంచి చదవడం, తెరమీద అక్షరాలు చూపించడం, మీట నొక్కితే స్పందించడం, ఈ పనులను రెంటి మధ్య పంచుకోవచ్చు. రెండూ తక్కువ వేగంతో నడుస్తాయి కాబట్టి బ్యాటరీని తక్కువ తాగుతాయి. అసలు చిక్కు హార్డ్ డిస్కుతో వచ్చింది. అది తిరుగుతున్నంతసేపూ కరెంటు లాగుతూనే ఉంటుంది. ఆగకుండా తిరిగితే బ్యాటరీ పూటకు నిలవదు, నడిచేటప్పుడు కుదుపుకు పాట తెగుతుంది. దానికి విరుగుడుగా 32 మెగాబైట్ల మెమరీ పెట్టారు. రాయలసీమ రైతుకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు: కరెంటు ఇచ్చిన కాసేపట్లో బోరు మోటారు వేసి తొట్టి నింపుకుని, తర్వాత తొట్టిలోంచి మడికి వదులుకున్నట్టే. డిస్కు ఒక్కసారి తిరిగి ఇరవై నిమిషాల పాటలు మెమరీలోకి ఎత్తిపోసి ఆగిపోతుంది. పాట మెమరీలోంచి వస్తుంది, కుదుపు దాన్ని తాకదు. ఎప్పుడు తిప్పాలి, ఎంత ఎత్తాలి, ఎప్పుడు నిద్రపుచ్చాలి అని నిర్ణయించేది ఫర్మ్‌వేర్.

అది చెప్పినంత సులువుగా కుదరలేదు. నౌస్ మాటల్లోనే, తొలి యంత్రాల్లో స్విచ్ ఆపేసినా మూడు గంటల్లో బ్యాటరీ అయిపోయేది. ఫ్యాక్టరీలో తయారీ వరుసలు అప్పటికే సిద్ధమయ్యాయి. దోషం పట్టుకునే దాకా చాలా వారాలు ఊపిరాడలేదు. చివరికి అక్టోబర్‌లో జాబ్స్ ప్రకటించినప్పుడు బ్యాటరీ 10 గంటలు వస్తుందని చెప్పగలిగాడు. ఆ మూడు గంటలకూ ఈ పది గంటలకూ మధ్య నిద్ర చెడగొట్టుకున్నవాళ్ల పేర్లు ఏ వేదిక మీదా వినపడలేదు. మెనూల తెరలకు ఆధారం పిక్సో అనే కంపెనీది, ధ్వనిగా మార్చే చిప్పు బ్రిటన్‌లోని వుల్ఫ్‌సన్‌ది, డిస్కు తోషిబాది, తయారీ తైవాన్‌కు చెందిన ఇన్వెంటెక్‌ది. వీటన్నిటినీ ఒక తాటిమీద నడిపించిన చిప్పు పోర్టల్‌ప్లేయర్‌ది. 2001 నవంబర్ 10న అమ్మకం మొదలైంది. ధర 399 డాలర్లు, బరువు 184 గ్రాములు. ఫైర్‌వైర్ తీగతో వెయ్యి పాటలు పది నిమిషాల్లో ఎక్కేవి. గంటలు పట్టే నోమాడ్ పని అక్కడితో సగం అయిపోయింది.

2002లో ఐపాడ్ విండోస్ కంప్యూటర్లకు వచ్చింది, 2003 ఏప్రిల్‌లో ఆపిల్ పాట 99 సెంట్లకు అమ్మే అంగడి తెరిచింది, 2004లో ఐపాడ్ మినీ వచ్చింది. సవాలు విసిరినవాడే రాజయ్యాడు. పోర్టల్‌ప్లేయర్ 2004 నవంబర్‌లో నాస్‌డాక్ మార్కెట్‌కు వెళ్లింది. షేరుకు పెట్టుకున్న గుర్తు ‘ప్లే’. ఆ ఆనందంలోనే ముప్పు దాగుంది. రాబడిలో దాదాపు అంతా ఒక్క ఐపాడ్ నుంచే వచ్చేది. 2006 ఏప్రిల్‌లో తర్వాతి తరం ఐపాడ్ నానోలకు వేరేవాళ్ల చిప్పు తీసుకుంటున్నామని ఆపిల్ చెప్పింది. ఆ స్థానంలోకి శామ్‌సంగ్ వచ్చింది. పోర్టల్‌ప్లేయర్ షేరు ఒక్క దెబ్బకు దాదాపు సగానికి పడింది. ఒకే పంటను నమ్ముకుని, అది ఎండిన ఏడు ఏమవుతుందో తెలిసిన నేలవాళ్లం మనం, ఆ ఆఫీసులో ఆ రోజు ఎలా గడిచి ఉంటుందో ఊహించగలం.

2006 నవంబర్ 6న ఎన్విడియా ఆ కంపెనీని 357 మిలియన్ డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, నవంబర్ 14న, ఐపాడ్‌ను ఓడించడానికి మైక్రోసాఫ్ట్ జూన్ అనే ప్లేయర్‌తో బజారులోకి దిగింది. 30 గిగాబైట్లు, 249 డాలర్లు, వైఫై మీద పక్కవాడికి పాట పంపే సౌకర్యం. అలా పంపిన పాట మూడు సార్లు, లేదా మూడు రోజులు, అంతే. తర్వాత మాయమవుతుంది. పాటను పంచుకోవడానికి లెక్కపెట్టిన ఆ షరతే జూన్‌ను చాలామందికి దూరం చేసిందని నేననుకుంటాను. 2008 డిసెంబర్ 31న ఆ 30 గిగాబైట్ల యంత్రాలు లోకమంతా ఒకేసారి ఆగిపోయాయి. అది లీపు సంవత్సరం. 366వ రోజును ఎలా లెక్కించాలో తెలియక గడియారం కోడ్ ఒకే వలయంలో తిరుగుతూ ఉండిపోయింది. మర్నాడు మామూలయ్యాయి. పై పెట్టె ఎంత అందంగా ఉన్నా, లోపలి పది వరుసల కోడ్ తప్పితే ఏమవుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

హైదరాబాద్ పోర్టల్‌ప్లేయర్ ఎన్విడియా కేంద్రంగా మారింది. చౌదరి ఎన్విడియా భారత విభాగం బాధ్యతలు చూశారు. చేతిలో పట్టే యంత్రాల కోసం ఎన్విడియా 2008లో టెగ్రా చిప్పును ప్రకటించింది. పోర్టల్‌ప్లేయర్ నుంచి వచ్చిన అనుభవం అందులో కలిసింది. 2009 సెప్టెంబర్ 15న మైక్రోసాఫ్ట్ తన చివరి అస్త్రంగా జూన్ హెచ్‌డీని తెచ్చింది. దానిలోని చిప్పు టెగ్రా. సోనీని దించడానికి ఐపాడ్‌కు బలమిచ్చిన వంశమే, ఐపాడ్‌ను దించడానికి వచ్చినవాడికీ బలమిచ్చింది. తెర బాగుంది, వేగం బాగుంది, కాలం మాత్రం దాటిపోయింది. ఐఫోన్ వచ్చి అప్పటికి రెండేళ్లు. 2011లో జూన్ యంత్రాల తయారీ ఆగింది. టెగ్రా ఆగలేదు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ఆటల యంత్రం నడిచింది దాని మీదే.

మరి కర్నూలు, కడపలకు ఏం వచ్చింది? ఐపాడ్ ధర మా వైపు ఇళ్లకు అందేది కాదు. అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇంట్లో ఎక్కడో ఒకటి కనపడేది. మా ఊళ్లలో టేపురికార్డరును పక్కకు నెట్టింది మెమరీ కార్డు ఉన్న చవక సెల్‌ఫోను. బస్టాండు దగ్గర సెల్ పాయింటుకు పోయి, పదో ఇరవయ్యో ఇచ్చి, కార్డులో పాటలు ఎక్కించుకుని రావడం కొన్నేళ్లు అందరికీ మామూలు పని. గొర్రెల వెంట పోయేవాళ్ల జేబులోనూ, ట్రాక్టరు మీదా, శనగచేను కోతలోనూ ఆ ఫోనే పాడింది. సొంత కంప్యూటరు, క్రెడిట్ కార్డు, ఇంగ్లిషు మెనూలు ఏవీ అక్కర్లేకుండా, మనిషికి మనిషి పాటలు నింపి ఇచ్చిన ఆ అంగళ్లే మా సీమకు అసలైన పాటల విప్లవాన్ని తెచ్చాయని నా గట్టి నమ్మకం.

2022 మేలో ఆపిల్ చివరి ఐపాడ్ తయారీ కూడా ఆపేసింది. కర్నూలు జి. పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కాలేజీలో, కడప కె.ఎస్.ఆర్.ఎం.లో ఎలక్ట్రానిక్స్ చెప్పే అధ్యాపకులను ఒకటి అడుగుతాను. ఎవరి ఇంట్లోనైనా తొలి తరాల ఐపాడ్ మూలన పడి ఉంటే తెప్పించి, విప్పి, పీపీ5002 ఎక్కడుందో పిల్లలకు చూపించండి. పోర్టల్‌ప్లేయర్ రాసిన ఫర్మ్‌వేర్ మూసి ఉన్న పెట్టె. కానీ స్వీడన్‌లో కొందరు కుర్రాళ్లు మొదలుపెట్టిన రాక్‌బాక్స్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఈ చిప్పు మీదా నడుస్తుంది, దాని కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. అందులో రెండు ప్రాసెసర్లనూ సీపీయూ, సీఓపీ అని పిలుస్తారు. పని ఒకటి రెండోదానికి ఎలా అప్పగిస్తుందో, డిస్కును ఎప్పుడు నిద్రలేపుతుందో వరుస వరుసా కనపడుతుంది. ఒక సెమిస్టరు ప్రాజెక్టుకు సరిపోతుంది.