జె షార్ప్ పుట్టిన ఊరు

2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేటలోని నియోపొలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. నేల ధర కొత్తదే కానీ, ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో కూర్చునేవాళ్ల తలనొప్పి మాత్రం పాతది: ఒక లైబ్రరీ వెర్షన్ మార్చితే ఇంకెక్కడో ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోయింది?

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచిందీ ఆ ఏడాదే. విండోస్‌లో అప్పుడు ‘డీఎల్ఎల్ హెల్’ రాజ్యమేలుతోంది. కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేస్తే, సిస్టమ్ ఫోల్డర్‌లో అందరూ వాడుకునే డీఎల్ఎల్ ఫైలు మీద తన వెర్షన్ రాసేసేది. నిన్నటిదాకా నడిచిన మరో ప్రోగ్రామ్ కుప్పకూలేది. తప్పు ఎవరిదో చూడటానికి డిపెండెన్సీ వాకర్ అనే చిన్న పనిముట్టు ఉండేది. ఏ ఫైలు దేన్ని పిలుస్తోందో, అది మళ్లీ దేన్ని పిలుస్తోందో కొమ్మలు కొమ్మలుగా చూపేది.

2002లో వచ్చిన మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ దీనికి మందు వేయబోయింది. అసెంబ్లీకి (డాట్‌నెట్‌లో డీఎల్ఎల్ లాంటి ఫైలుకు) పేరుతో పాటు వెర్షన్, పబ్లిక్ కీ గుర్తు కూడా ఇచ్చే వీలు కల్పించి, రెండు వెర్షన్లు పక్కపక్కనే ఉండేలా చేసింది.

ఆ డాట్‌నెట్ కుటుంబంలోని విజువల్ జె షార్ప్ భాషను తయారుచేసింది హైటెక్ సిటీలోని మైక్రోసాఫ్ట్ బృందమే. జావా భాష విషయంలో సన్ మైక్రోసిస్టమ్స్ 1997లో మైక్రోసాఫ్ట్ మీద వేసిన దావా 2001లో రాజీతో ముగిసింది. మైక్రోసాఫ్ట్ జావా రూపమైన విజువల్ జె ప్లస్ ప్లస్‌లో రాసిన పాత కోడ్ గతేమిటన్న ప్రశ్న మిగిలింది. దాన్ని డాట్‌నెట్ మీదికి తేవడమే జె షార్ప్ పని. అయితే జె షార్ప్ లైబ్రరీలు డాట్‌నెట్‌తో పాటు వచ్చేవి కావు. వాడేవాళ్ల కంప్యూటర్‌లో విడిగా ఇంకో ప్యాకేజీ వేయాల్సి వచ్చేది. పాత కోడ్‌ను కాపాడటానికి పుట్టిన భాషే కొత్త డిపెండెన్సీ కావడం విచిత్రం! 2007లో మైక్రోసాఫ్ట్ దాన్ని విరమించుకుంటున్నట్టు ప్రకటించింది.

జావా మాత్రం ఈ నగరాన్ని వదల్లేదు. జావా ప్రాజెక్టులకు లైబ్రరీలు తెచ్చిపెట్టే మేవెన్‌లో ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు తగిలితే, ప్రాజెక్టు మూలానికి దగ్గరగా ఉన్నదే గెలుస్తుంది, అది పాతదైనా సరే. ఓడిపోయిన వెర్షన్ ఏదో తెలియాలంటే డిపెండెన్సీ ట్రీని వివరంగా అడగాలి. 2021 డిసెంబరులో లాగ్4జె అనే జావా లాగింగ్ లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతా ఈ చెట్లనే జల్లెడ పట్టింది. చాలామంది లాగ్4జెను నేరుగా తెచ్చుకోలేదు, వేరే లైబ్రరీ వెంట వచ్చి కూర్చుంది. దిద్దుబాటు కూడా ఒక్కసారితో తీరలేదు. 2.15.0 సరిపోక 2.16.0, ఆ వెంటనే 2.17.0, నెలాఖరుకు 2.17.1 వచ్చాయి. ఒక్కో వెర్షన్‌కీ ఆ చెట్టును మళ్లీ గీసి చూసుకోవాల్సి వచ్చింది.