పొనికికఱ్ఱయు మనవారి చేతిపనియు



కులచరిత్రములు వ్రాయువారు తఱచుగా రాజులతోడను బిరుదములతోడను మొదలిడుదురు. మేము కఱ్ఱతో మొదలిడుచున్నాము. ఏలయన, ఆర్యక్షత్రియులు, చిత్తారులు, చిత్రకారులు, నకాషీలు అని వేర్వేఱు పేళ్లఁ బిలువఁబడు మనవారి నొక్కటిగాఁ గూర్చినది చేతిపనియే.

మా బెల్లంపల్లికిఁ బడమట నున్న నిర్మలపట్టణము 2016 వఱకు మాతోఁగూడ నాదిలాబాదు జిల్లాయందే యుండెను. 17వ శతాబ్దమున నిమ్మనాయుఁడను పాలకుఁడు నకాషీల నచ్చటఁ జేర్చి పోషించెనని ప్రతీతి. కృష్ణాతీరమునఁ గొండపల్లియం దార్యక్షత్రియులు నీ వృత్తినే యవలంబించిరి. ఈ రెండుచోట్లను వాడునది పొనికికఱ్ఱయే. మా గనులలోఁ బైకప్పును నిలుపుటకు గట్టి దుంగలు కావలసియుండెను. బొమ్మకుఁ గావలసినది తేలికయు మెత్తనయు నగు కఱ్ఱ.

పనివిధ మిట్టిది. ముందుగాఁ గఱ్ఱలోని చెమ్మను బోఁగొట్టవలెను. పచ్చికఱ్ఱపైఁ జెక్కిన బొమ్మ పిదప బీటలువాఱును. తల, మొండెము, చేతులు వేర్వేఱుగాఁ జెక్కి, చింతగింజల పిండియు ఱంపపుఁబొట్టును గలిపిన మక్కుతో నదికి, ఆ మక్కుతోనే ముక్కును గడ్డమును దీర్తురు. ఆకురాతితో నునుపుచేసి, సున్నము పూసి, యారినపిదప రంగులు వేయుదురు. కనుపాపను దిద్దుట తుదిపని. బొమ్మకు జీవ మచ్చటనే వచ్చును.

1955లో నిర్మలయందు సహకారసంఘ మేర్పడెను. పేరు నిలిచినది గాని పనివారు తగ్గుచున్నారు. నేఁటి బాలురు తెఱపైఁ జూచిన హాస్యచిత్రపాత్రల బొమ్మల నడుగుచున్నారు. అది మన సంప్రదాయము గాదని కొందఱు పెద్దల యభిప్రాయము. మే మట్లు తలంపము. తాడిచెట్టు నెక్కు గీతవానిని, అంబారియేనుఁగును జెక్కిన పూర్వులు తాము చూచిన లోకమునే చెక్కిరి. పెద్దతలయు, గుండ్రని కన్నులును గల నగవుబొమ్మయు నాయులికే, యామక్కుకే లొంగును. పాత్ర మాఱినను బని మాఱదు.

మాఱరానిది పొనికిచెట్టు. అడవులలో నది యరుదగుచున్నది. నఱికినంత వేగముగాఁ బెరుగదు. కావున నీ మహాసభవారికి మా విన్నపములు రెండు: సంఘమునకుఁ గల భూములలోఁ బొనికిమొక్కలు నాటింపుఁడు, ఏఁటేఁట నొక బాలునికో బాలికకో పని నేర్చుకాలమున వేతన మిండు. బిరుదములు శిలలపై నిలుచును. విద్య చేతులలోనే నిలువవలెను.