లోహమలము - మన పూర్వుల పనిముట్లు

అమరసింహుడు తన నామలింగానుశాసనమున ఇనుమునకు గల పేరులను జెప్పి, వెంటనే మండూరము, సింహాణము అను రెండు పదములను జేర్చి, ఇవి దాని మలమునకు పేరులని యుపదేశించెను. లోకమున మలమనగా దేహముపై బట్టునది, కడిగినచో బోవునది. ఇనుపమలము అట్టిది గాదు. ఇనుము గాలిలోని ప్రాణవాయువును, నీటి తడిని గూడి, తన దేహమునే పొడిగా మార్చుకొనును. ఆ పొడియే తుప్పు. కావున తుప్పును దీయుట యనగా, ఒకప్పుడు ఇనుముగా నుండినదానిని దీయుటయే. ఎంత దీయవలయునో, ఎచట నిలువవలయునో యెఱుగనివాని చేతిలో శుద్ధియే నాశమగును. ఈ యొక్క మాటను కులసోదరుల యెదుట నుంచుటకే ఈ వ్యాసమును వ్రాయబూనితిమి.

మనము మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుల సంతతివారమని ప్రతి సభయందును సగర్వముగా జెప్పుకొనుచున్నాము. ఆ గర్వము తగినదే. కాని మన యిండ్ల అటకలపై తాతముత్తాతల ఉలులు, బాడిసలు, రంపములు, తోపడలు, సుత్తులు, పటకారులు గోనెసంచులలో మూటగట్టబడి తుప్పు పట్టుచున్నవి. పాత ఇనుము కొనువాడు వీధిలో కేకవేసిన దినమున అవి తూకమునకు బోవుచున్నవి. విద్యుద్యంత్రములు వచ్చినపిదప వానికి పని తప్పినమాట నిజము. పని తప్పినదానికి విలువయు దప్పినదని తలచుట మాత్రము పొరపాటు.

ఇతరులను దప్పుపట్టుటకు ముందు మా తప్పును జెప్పుకొనుట ధర్మము. మా పితామహునిదైన బాడిస యొకటి మా యింట నుండెను. సుమారు నలువదియేండ్ల క్రిందట, మహానవమినాటి ఆయుధపూజకు అది మెఱయుచుండవలయునని తలచి, దానిని సానచక్రమున్న యొక దుకాణమునకు గొనిపోతిమి. పావుగంటలో అద్దమువలె దిరిగివచ్చినది. మేము సంతోషించి పూజించితిమి. కొన్నిదినములకు మా యింటికి వచ్చిన బంధువు, వృద్ధుడగు కమ్మరి, దానిని చేతబట్టి క్రిందివైపు వ్రేలితో దడవి, "నాయనా, ఇది మా నాయన మీ తాతకు చేసియిచ్చిన బాడిస. ఇక్కడ మూడు గాట్లుండవలె. ఏవి?" అని యడిగెను. మేము మాటాడలేకపోతిమి. ఆయన అంచును వెలుతురునకు ద్రిప్పి, "ఈ నీలిడాలు చూచితివా? పదును కూడ చచ్చినది" అని దానిని నేలపై నుంచెను. ఆ మూడు గాట్లు ఆయన తండ్రి తన చేతిపని కెల్ల బెట్టెడి గుఱుతు. అక్షరములు రాని మనిషి చేసిన సంతకము. చదువుకొన్న మేము దానిని జెఱిపివేసితిమి.

ఈ నష్ట మెంతటిదో తెలియుటకు చరిత్రను గొంచెము పరికింపవలయును. శ్రీకృష్ణదేవరాయల తామ్రశాసనములు కొన్నింటి చివర, మల్లన కుమారుడగు వీరణాచార్యుడు వానిని జెక్కినట్లు పేరు గలదు. రాజుతోబాటు శిల్పిపేరు నిలిచినందుకు మన మానందింపవచ్చును. కాని ఆ వీరణాచార్యుని చేతనుండిన ఉలిని జేసిన కమ్మరి యెవరు? ఆ పేరు ఏ రేకుపైనను లేదు. ఉలి చెక్కిన యక్షరములు మిగిలినవి గాని ఉలి మిగులలేదు. కమ్మరి చరిత్రకు శాసనములు అతడు చేసిన వస్తువులే. వానిని బోగొట్టుకొన్నచో ఆ చరిత్రకు వేఱు మూలము లేదు.

మన పూర్వికులకంటె పూర్వులు ఈ సత్యము నెఱిగినట్లు తోచును. తెలంగాణమున జనులు రాకాసిగుళ్లని పిలుచు ప్రాచీన శిలాసమాధులను ద్రవ్వినపుడు, మృతుల యెముకలతోబాటు ఇనుపకత్తులు, గొడ్డళ్లు, ఈటెమొనలు బయల్పడినవి. మనిషితో నతని పనిముట్టును బోవలెనని ఆ కాలమువారు భావించిరి. ఆ ఇనుము రెండువేల యేండ్లకు బైబడి మంటిలో నుండియు తన యాకారమును జెప్పగలుగుచున్నది.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఉక్కునకు బ్రసిద్ధిగన్న గ్రామము. అచట రెండు తావుల ఇనుమును గలిపి, మట్టిమూసలలో బెట్టి, మూతకు మట్టి మెత్తి, బొగ్గుల కొలిమిలో దీర్ఘకాలము కాచి, మెల్లగా జల్లార్చి ఉక్కుముద్దలను దీసెడివారు. ఆ ఉక్కుకొఱకు పారసీకదేశపు వర్తకులు అంతదూరమునుండి వచ్చెడివారు. భూగర్భశాస్త్రజ్ఞుడగు వాయిసీ దొర యా పనిని స్వయముగా జూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో కలకత్తాలో అచ్చయ్యెను. అంతకు ముందే, 1795లో పియర్సన్ అను పండితుడు లండనునందు ఈ దక్షిణదేశపు ఉక్కునుగూర్చి ప్రసంగవ్యాసము ప్రకటించెను. 1819లో ఫారడే మహాశయుడు దానిని బరీక్షించెను. వారు దీనిని "వూట్జ్" అని వ్రాసిరి. ఆ మాట ద్రావిడభాషలలోని "ఉక్కు" శబ్దమునకు వికృతియని పండితుల యభిప్రాయము. పిమ్మట సీమనుండి చౌకయినుము ఓడలపై దిగుటయు, అడవులపై నిర్బంధములు పెరిగి బొగ్గు ప్రియమగుటయు గారణములుగా, 19వ శతాబ్దమున మన ఇనుప కొలుములు క్రమముగా జల్లారినవి.

అటకమీది ప్రతి ఉలియు కోనసముద్రపు ఉక్కేయని మేము చెప్పుట లేదు. పెక్కు పనిముట్లు సీమయుక్కుతోను, పాత బండిచక్రముల కట్లతోను జేయబడినవి. ప్రియమైన ఉక్కును బొదుపుచేయుటకై మెత్తని ఇనుపదేహమునకు అంచున మాత్రము ఉక్కును అతికెడి పద్ధతియు నుండెను. మెల్లగా శుభ్రపఱచిన పాతగొడ్డలిపై ఆ యతుకు గీత కన్నులకు గనబడును. సానచక్రమునకు మ్రొక్కినచో అదియు మాసిపోవును. ఏది దేశవాళియో, ఏది దిగుమతియో, ఎవరి చేతిపనియో విచారింపకముందే సాక్ష్యమును జెఱుపరాదనియే మా వాదము.

ఇక పదునుగూర్చి. సుశ్రుతాచార్యులు తన సంహితయందు శస్త్రములను జెప్పుచు, కాచిన లోహమునకు క్షారము, నీరు, నూనె అని మూడువిధముల పాయనము నిర్దేశించిరి. ఎముకను ఛేదించు శస్త్రమునకొకటి, మాంసమును ఛేదించుదానికొకటి, సిరను వ్యధించుదానికొకటి. పదును పెట్టుటకు మినుముల వన్నెగల నున్నని ఱాతిని, అంచును నిలుపుటకు బూరుగుచెక్క పలకను విధించిరి. ఆ వైద్యుని చేతిలోని శస్త్రము మన కమ్మరి చేసినదే కదా! ఈ పాయనమునే మనవారు "నీరు పెట్టుట" యందురు. అట్లు నీరుపెట్టి, తిరిగి కొంచెము కాచి తీసిన ఉక్కు, వేడి పెరిగినకొలది మొదట గడ్డివన్నెయు, పిమ్మట గోధుమవన్నెయు, సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు చెంత నీలివన్నెయు దాల్చును. అంచున నీలిమ కనబడిన ఉలి మెత్తబడినదని యర్థము. సానచక్రపు ఱాపిడికే యంత వేడి పుట్టును. అందుచే తుప్పు వదలుటకై పనిముట్టును నిప్పులో గాల్చువాడును, చక్రమునకు గట్టిగా నొత్తువాడును, తాత పెట్టిన పదునును దామే తీసివేయుచున్నారు.

తుప్పంతయు శత్రువు గాదనియు దెలియవలయును. ఢిల్లీలోని లోహస్తంభము ఏడుమీటర్లకు మించిన యెత్తును, ఆఱు టన్నులకు మించిన బరువును గలది. చంద్రుడను రాజు పేర శాసనము గల యా స్తంభము గుప్తుల కాలమునాటిది. సుమారు 1600 ఏండ్లు ఎండవానలకు నిలిచినది. కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులైన బాలసుబ్రహ్మణ్యంగారు దానిని బహుకాలము శోధించి, ఆ ఇనుమునందలి భాస్వరము కారణముగా పైన బలుచని పొర యేర్పడి లోపలి లోహమును గాచుచున్నదని నిరూపించిరి. మన పనిముట్ల ఇనుము అంతటి భాగ్యము గలది గాదు. అయినను వానిపైని తుప్పులో రెండు జాతులు గలవు. వ్రేలికి అంటు ఎఱ్ఱనిపొడి తడిని బీల్చుచు లోనికి దినుచుబోవును. గట్టిగా నంటుకొనియున్న నల్లనిపొర చాలవఱకు నిలుకడగలది. ఎఱుపును దీయవలెను, నలుపును విడువవలెను. సూత్రము ఇంతమాత్రమే.

ఆచరణక్రమమును జెప్పెదము. మొదట ఏమియు జేయక పనిముట్టును నలుదిక్కుల జూచి, గాట్లు, ముద్రలు, అక్షరములు ఉన్నచో వ్రాసికొని ఛాయాచిత్రము దీయవలెను. పిదప కిరసనాయిలు పూసి, నిప్పునకు దూరముగా, ఒక రాత్రి యుంచి, కొబ్బరిపీచుతోగాని ఇత్తడితీగెల కుంచెతోగాని రుద్దవలెను. సగము పనిముట్లకు ఇంతతోనే తీరును. పొడి ముక్కులోనికి బోకుండ గుడ్డ గట్టుకొనుట మేలు.

మొండితుప్పునకు చింతపండు గుజ్జు పట్టింపవచ్చును. మన స్త్రీలు ఇత్తడి చెంబుల చిలుమును వదల్చు పులుసే యిది. దీనిలోని ఆమ్లము తుప్పును గరగించును, కాని ఎక్కువసేపుంచిన ఇనుమును గూడ దినును. కావున గంటకొకసారి చూచుచు, చాలుననినపుడు నీటితో గడిగి, సోడా కలిపిన నీట ముంచి, వెంటనే తుడిచి యారబెట్టవలెను. తీవ్రామ్లములజోలికి బోరాదు.

గాట్లు గల పనిముట్టునకు విద్యుత్పద్ధతి శ్రేష్ఠము. దీనిలో ఱాపిడి లేదు. పిడిని, ఇత్తడి కట్లను ముందుగా నూడదీయవలెను. ప్లాస్టిక్కు తొట్టిలో నీరుపోసి బట్టలసోడా కొంచెము కలిపి, పనిముట్టును 12 వోల్టుల ఛార్జరుయొక్క ఋణాగ్రమునకును, పనికిరాని ఇనుపరేకును ధనాగ్రమునకును గట్టి, రెండును దాకకుండ వ్రేలాడదీయవలెను. కొన్నిగంటలలో తుప్పు వదులై, మెత్తని కుంచెకే రాలును. దీనినుండి మండెడి ఉదజనివాయువు పుట్టును గనుక ఆరుబయటనే చేయవలెను, దగ్గఱ నిప్పు కూడదు. ధనాగ్రమునకు స్టెయిన్‌లెస్ స్టీలు గట్టరాదు, నీటిలో విషద్రవ్యము చేరును. తొట్టిలో చేయిపెట్టుటకు ముందు విద్యుత్తును నిలుపవలెను.

శుభ్రపడినపిదప కరకకాయ కషాయమును బూసినచో, సందులలో మిగిలిన ఎఱుపు నీలినలుపుగా మాఱి నిలుకడబొందును. ఇది క్రొత్తమాట గాదు. కరకకాయయు ఇనుమును గలిసిన నలుపుతోనే మన పెద్దలు సిరా చేసిరి. బెల్లపునీట ఇనుపముక్కలను నానబెట్టి తీసిన రసముతో, కరకకాయ పట్టించిన బట్టపై, శ్రీకాళహస్తి కలంకారీవారు నల్లని గీతలు దిద్దుచున్నారు. తుదకు ఇనుమునకు పలుచగా నూనె రాయవలెను. తుమ్మకఱ్ఱ పిడికి అవిసెనూనె మంచిది. పిడిని నునుపుచేయరాదు. దానిపై బడిన గుంట తాత బొటనవ్రేలిది.

ఇంకొక చిన్నమాట. ఆయుధపూజనాడు మనము పెట్టు తడిసిన పసుపుకుంకుమలు, పువ్వుల నీరు, ఏడాది పొడుగున పనిముట్లపైనే యుండిపోవుచున్నవి. మన భక్తియే తుప్పునకు విత్తనమగుచున్నది. పూజానంతరము మఱునాడు వానిని దుడిచి నూనె రాయుటయు పూజలోని భాగమేయని నియమము బెట్టుకొందము. ఆ దినముననే ప్రతి గృహస్థుడును ఒక పుస్తకమున, ఏ పనిముట్టు ఎవరిది, ఏ యూరివారు చేసినది, దానితో ఏ గుడితలుపు, ఏ రథము, ఏ నాగలి తయారైనది, పెద్దల నడిగి వ్రాసియుంచవలెను. ఆ పెద్దలు మనతో నుండగనే యడుగవలెను. ఆలసించినచో తుప్పు వదలిన ఇనుము మాత్రము మిగులును, దాని కథ మిగులదు.

మా బాడిసకు ఆ వృద్ధుడే మఱల నీరు పెట్టి పదును దెచ్చిపెట్టెను. అది నేటికిని పనిచేయుచున్నది. ఆ మూడు గాట్లను గూడ మఱల బెట్టుమని మేము ప్రార్థింపగా, ఆయన ఉలిని దీసికొని, కొంతసేపు చూచి, తిరిగి క్రింద బెట్టెను. "అది మా నాయన చేయి నాయనా. నేను పెట్టిన అబద్ధమగును" అనెను. ఆయన ఇప్పుడు లేరు. ఆ తావు నేటికిని నున్నగానే యున్నది. సభకు వచ్చిన మహాజనులు ఇండ్లకు జేరిన పిదప అటక నొకసారి పరికింతురుగాక యని ప్రార్థించుచున్నాము. అచట ఇంకను గాట్లు చెడని బాడిసలుండవచ్చును.

ఇతి శమ్.