తేమ తగ్గిన విత్తుకే మొలక భరోసా

లేపాక్షి: వర్షాధార సేద్యంలో వాన ఇచ్చే అదను తక్కువ. ఆ పదునులో వేసిన విత్తు మొలవకపోతే, మళ్లీ విత్తడానికి గింజ దొరికినా నేలలో తడి ఉండదు. 2022లో శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన లేపాక్షి, హిందూపురం, మడకశిర ప్రాంతాల్లో రాగి సాగు ఉంది. ఖరీఫ్ రాగి నవంబరు, డిసెంబరుల్లో కోతకు వస్తే, ఆ గింజ మళ్లీ భూమిలో పడేది జులై ప్రాంతంలోనే. మండువేసవి దాటి వచ్చే ఈ ఏడెనిమిది నెలల నిల్వే వచ్చే పంటను నిర్ణయిస్తుంది.

తేమే తొలి శత్రువు

విత్తనం నిల్వలోనూ శ్వాసిస్తుంది. తేమ, వేడి పెరిగితే శ్వాసక్రియ హెచ్చి మొలకకు కావలసిన ఆహారం ఖర్చవుతుంది. బూజు, పురుగు చేరతాయి. గింజలో తేమ ఒక శాతం తగ్గినా, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా విత్తనం ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుందని అమెరికా శాస్త్రవేత్త హారింగ్టన్ సూత్రీకరించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధిలో జొన్న, సజ్జ, రాగి, కొర్ర విత్తనాలను బాగా ఆరబెట్టి, దీర్ఘకాలానికి మైనస్ 20 డిగ్రీల చలిలో భద్రపరుస్తున్నారు. రైతు ఇంట అంతటి చలి సాధ్యం కాకున్నా, ఆరబెట్టడం చేతిలోని పనే.

ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం రాగి, జొన్న, సజ్జ, కొర్ర విత్తనాల్లో తేమ 12 శాతం, వరిలో 13 శాతం మించరాదు. గాలి చొరని డబ్బాల్లో దాచాలంటే 8 శాతానికి తగ్గాలి. సరిగా ఆరని గింజను బిగుతుగా మూసిపెడితే లోపలే చెడిపోతుంది.

నిల్వలో జాగ్రత్తలు

* తెగులు లేని, బాగా పండిన కంకులనే విత్తనానికి ఎంచి, విడిగా నూర్చుకోవాలి.
* పలుచగా పరచి ఉదయం, సాయంత్రపు ఎండలో ఆరబెట్టాలి. తడి గింజను నడి మధ్యాహ్నం సిమెంటు కళ్లంపై ఉంచరాదు.
* గింజ చల్లారిన తర్వాతే సంచికెత్తాలి. పాత సంచులను దులిపి, ఎండబెట్టి వాడాలి.
* సంచులను చెక్కలపై, గోడకు అడుగు దూరంలో పేర్చాలి. ఎరువులు, పురుగుమందుల పక్కన ఉంచరాదు.
* జొన్న, వరికి ముక్కు పురుగు, చిలక పురుగు బెడద ఎక్కువ కాబట్టి పక్షానికోసారి పరిశీలించాలి. రాగి గింజ చిన్నది కనుక ఈ పురుగుల బాధ తక్కువ. అయినా తేమ నుంచి కాపాడక తప్పదు.
* మందు కలిపిన విత్తనాన్ని మనుషులకు గాని, పశువులకు గాని తిండికి వాడరాదు.

మొలక పరీక్ష తప్పనిసరి

విత్తడానికి మూడు వారాల ముందే, ఏరకుండా తీసిన 100 గింజలను తడి గోనెపట్టాపై వరుసగా పేర్చి, చుట్టి నీడలో ఉంచాలి. తడి ఆరకుండా చూడాలి. రాగికి 8, జొన్నకు 10, వరికి 14 రోజులకు ఆరోగ్యంగా మొలిచినవాటిని లెక్కించాలి. రాగి, జొన్న, సజ్జ, కొర్రలకు కనీసం 75, వరికి 80 మొలవాలి. అంతకన్నా బాగా తగ్గితే వేరే విత్తనం చూసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.

సొంత పంట విత్తనాన్ని దాచుకొనే, తిరిగి విత్తే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం (2001) రైతుకు కల్పించింది. బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు కూడా. ఇరుగుపొరుగుకు ఇచ్చే గింజనైనా మొలక చూసి ఇవ్వడమే మేలు.