సాలీళ్ల అడ్డరోడ్డు

కంబోడియా రాజధాని నాంపెన్ నుంచి ఉత్తరంగా ఆరో నంబరు జాతీయ రహదారి మీద సుమారు 75 కిలోమీటర్లు పోతే స్కూన్ అనే అడ్డరోడ్డు ఊరు తగులుతుంది. ఎడమ చేతి దారి కంపాంగ్ థామ్ మీదుగా సియమ్ రీప్‌కి, అంటే అంగ్కోర్ వాట్‌కి పోతుంది. కుడి చేతి దారి ఏడో నంబరు రోడ్డు. అది కంపాంగ్ చామ్ దగ్గర మెకాంగ్ దాటి లావోస్ సరిహద్దు దాకా వెళుతుంది. ఇక్కడ బస్సు ఆగీ ఆగకముందే తట్టలు తలుపు దగ్గరికి వచ్చేస్తాయి. అరటిపళ్లు, మామిడికాయ ముక్కలు, తామరకాయలు. వాటి పక్కనే కుప్పగా పేర్చిన సాలీళ్లు. పెద్దవైతే అరచేతి వెడల్పుంటాయి. నూనెలో వేగి నల్లగా నిగనిగలాడుతుంటాయి. తట్ట మోస్తున్నావిడ చొక్కా మీద బతికున్న సాలీడొకటి తీరిగ్గా పాకుతూ ఉంటుంది. కోరలు పీకేసి ఉంటారు కాబట్టి భయం లేదంటారు. చూసేవాళ్లకి ఉండే భయం వేరే సంగతి.

ఈ ఊరికి వచ్చే ప్రతి పర్యాటకుడికీ ఒకే కథ వినిపిస్తుంది. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు పార్టీ నాయకుడు పోల్ పాట్ ఏలిన కాలంలో జనం ఆకలికి తాళలేక సాలీళ్లు తిన్నారు, ఆ రుచి మరిగి ఇప్పటికీ తింటున్నారు అని. గైడ్లు చెప్తారు, గైడ్ పుస్తకాలు చెప్తాయి. 2017లో ఏంజెలీనా జోలీ ఖ్మేర్ రూజ్ కాలంపై తీసిన తన సినిమా విడుదల సందర్భంగా పిల్లలతో కలిసి బీబీసీ కెమెరా ముందు సాలీళ్లు వేయించుకుని తిన్నాక, ఈ కథ లోకమంతా పాకింది. కథలో అబద్ధం లేదు. ఆకలి నిజం, తిన్నదీ నిజం. కానీ తట్టలో కనిపించే వంటకాన్ని ఆ ఆకలికి ముడిపెట్టడం దగ్గరే నాకు పేచీ ఉంది.

పేచీ ఎక్కడొచ్చిందో చెప్పాలంటే ముందు పొయ్యి దగ్గరికి వెళ్లాలి. బజారు వెనకాల రేకుల పంచ కింద వంట జరుగుతోంది. మా డ్రైవర్ వంటావిడను ‘మింగ్’ అని పిలిచాడు, మనం పిన్నీ అన్నట్టు. బకెట్‌లోంచి సాలీళ్లు తీసి, కడిగి, ఉప్పు, పంచదార, మన చైనీస్ బండ్ల మీద కనిపించే అజినమోటో కలిపి పట్టించింది. మూకుట్లో నూనె కాగాక గుప్పెడు దంచిన వెల్లుల్లి వేసింది. వాసన రోడ్డు దాకా వెళ్లింది. వెల్లుల్లి రంగు తిరుగుతుండగా సాలీళ్లు జారవిడిచి, కాళ్లు బిర్రుగా అయ్యేదాకా కలియబెట్టింది. అంతే, రెండు మూడు నిమిషాల పని. కాళ్లు కరకరలాడతాయి, వాటిలో నమలడానికేమీ ఉండదు, ఉప్పూ తీపీ వెల్లుల్లీ మాత్రమే. తలా ఛాతీ కలిసిన ముందు భాగంలో తెల్లటి కండ కాస్త ఉంటుంది, చప్పగా, మెత్తగా. అసలు పరీక్షంతా పొట్ట. లోపల గోధుమరంగు ముద్ద. పేగులు, గుడ్లు, ఇంకా ఏమేమిటో. “పొట్ట తినాలా?” అని డ్రైవర్ చేత అడిగించాను. “ఇష్టమైతే తిను, నేనైతే పడేస్తాను” అందావిడ. నేనూ ఆవిడ మాటే విన్నాను.

నూనె, పంచదార, వెల్లుల్లి, అజినమోటో, ఉప్పు. వీటన్నిటికీ మించి ఒక బజారు, బేరం, చేతులు మారే డబ్బు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సేనలు నాంపెన్‌లో అడుగుపెట్టాక ఈ దేశంలో మాయమైన వాటి జాబితా రాయమంటే సరిగ్గా ఇదే రాయాలి.

ఆ రోజు నుంచే రాజధానిని ఖాళీ చేయించారు. ఇరవై లక్షల దాకా జనం, ఆస్పత్రి మంచాల మీద ఉన్న రోగులతో సహా, రోడ్లెక్కారు. కరెన్సీని రద్దు చేశారు. రిజర్వు బ్యాంకులాంటి జాతీయ బ్యాంకు భవనాన్ని పేల్చేశారు. సంతలు మూతపడ్డాయి. 1976 కల్లా ఇంట్లో వంట కూడా నేరమైంది; ఊరుమ్మడి భోజనశాలలో అందరూ కలిసి తినాలి, ‘అంకార్’ అంటే సంస్థ, పెట్టిందే తినాలి. అదే ఏడాది పార్టీ నాలుగేళ్ల ప్రణాళిక గీసింది. హెక్టారుకి మూడు టన్నుల ధాన్యం లక్ష్యం. యుద్ధానికి ముందు ఈ నేలల్లో పండేది ఇంచుమించు టన్ను. పండలేదని చెప్పిన స్థానిక నాయకుడి తల నిలవదు కాబట్టి పండిందనే లెక్క రాసి పంపేవారు. పైవాళ్లు ఆ దొంగలెక్క ప్రకారమే తమ వాటా తోలుకుపోయేవారు. ఊళ్లో మిగిలిన గింజలు నీళ్లలో ఈదే జావ అయ్యేవి. కరువంటే వాన రాకపోవడం అనుకునే మనకి, కాగితం మీది అంకె కరువు తేవడం అర్థం కావడానికి కొంచెం టైము పడుతుంది. మూడేళ్ల ఎనిమిది నెలల్లో ఆకలి, జబ్బు, చాకిరీ, హత్యలు కలిసి సుమారు 17 లక్షల మందిని పొట్టనబెట్టుకున్నాయి. అప్పటి దేశ జనాభా ఎనభై లక్షలకి అటూ ఇటూ.

ఆ రోజుల్లో పొలంగట్ల మీద దొరికిన ఎలుక, తొండ, మిడత, సాలీడు అన్నీ నోట్లోకి వెళ్లాయి. బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకాల్లో ఇది పదే పదే వస్తుంది. జోలీ సినిమాకి మూలమైన లూంగ్ ఉంగ్ పుస్తకం ‘ఫస్ట్ దే కిల్డ్ మై ఫాదర్’ ఆ ఆకలి లెక్కే. కానీ దొరికినదాన్ని సొంతానికి తినడం కూడా అంకార్ దృష్టిలో దొంగతనం. పట్టుబడితే దెబ్బలు, ఒక్కోసారి ప్రాణమే. దొంగచాటుగా పచ్చివో, బూడిదలో కాల్చినవో మింగేయాల్సిందే. పొగ పైకి లేస్తే చాలు, కథ ముగిసినట్టే. అలాంటి చోట మూకుడెక్కడిది, అందులో కాగే నూనెక్కడిది? ఆకలి కాలం జనానికి సాలీణ్ని తినగలమన్న తెగువ నేర్పి ఉండొచ్చు, ముఖ్యంగా పట్నం నుంచి తరిమేసినవాళ్లకి. వేయించి అమ్మడం మాత్రం ఆ కాలం నేర్పిన విద్య కాదు.

పల్లెవాళ్లకి సాలీడు అంతకుముందే తెలుసు. నడుం నొప్పికి, పిల్లల దగ్గుకీ ఆయాసానికీ మందుగా వాడటం ఇక్కడి నాటువైద్యంలో ఉంది. బియ్యపు సారా సీసాలో సాలీళ్లు నానబెట్టి అమ్మే అలవాటు ఇప్పటికీ పోలేదు. పురుగులు తినడం కూడా ఖ్మేర్ పల్లెల్లో కరువు ముచ్చట కాదు, వానాకాలపు ముచ్చట. తొలకరికి పుట్టల్లోంచి లేచే ఉసిళ్లను దీపం పెట్టి పట్టి, వేయించి తినే ఇళ్లు మన తెలుగు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. అందుకే ఇక్కడి మిడతల బుట్టల ముందు మరీ ముక్కు విరవనక్కర్లేదు. స్కూన్ దాటి కంపాంగ్ థామ్ వైపు చీకటి పడ్డాక పోతుంటే పొలాల్లో ట్యూబులైట్లు వరసగా వెలుగుతుంటాయి. కర్రలకు కట్టిన పాలిథిన్ షీటు, దాని ముందు లైటు, కింద నీళ్ల తొట్టి. వెలుగుకి ఎగిరొచ్చిన కీచురాళ్లు షీటుకి కొట్టుకుని జారి నీళ్లలో పడతాయి. తెల్లారేసరికి బస్తాలకెత్తుకుంటారు.

తట్టలు పట్టుకున్నవాళ్లంతా ఆడవాళ్లే కావడం కూడా నిన్నమొన్నటిది కాదు. 1296లో చైనాలోని యువాన్ చక్రవర్తి పంపిన రాయబార బృందంతో ఝౌ దాగ్వాన్ అనే ఆయన అంగ్కోర్‌కి వచ్చి ఏడాది దాకా ఉండి, చూసిందంతా రాసుకున్నాడు. ఈ దేశంలో వ్యాపారమంతా ఆడవాళ్ల చేతిలోనే ఉందని, సంత పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుందని, దుకాణాలు కట్టకుండా నేలమీద చాప పరుచుకుని అమ్ముతారని, ఎవరి చోటు వాళ్లకుంటుందని, ఆ చోటుకి అధికారులు అద్దె వసూలు చేస్తారని ఆయన చెప్తాడు. చాప పోయి తట్ట వచ్చింది. మిగతాది పెద్దగా మారలేదు. ఇంత పాత సంతను దాదాపు నాలుగేళ్ల పాటు పూర్తిగా ఆపగలిగింది పోల్ పాట్ ఒక్కడే. ఆయన పుట్టిన ప్రెక్ స్బవ్ ఇదే ఆరో నంబరు రోడ్డు మీది కంపాంగ్ థామ్ పట్టణం పక్కనే ఉండటం గైడ్లు పెద్దగా చెప్పని సంగతి.

రెండు రోడ్లు కలిసేచోట ఉండటం స్కూన్‌కి బువ్వ పెట్టింది, బాంబులూ పెట్టింది. 1970లో జనరల్ లాన్ నాల్ అధికారం చేజిక్కించుకున్నాక కమ్యూనిస్టు దళాలు కంపాంగ్ థామ్‌ని చుట్టుముట్టాయి. దారి తెరవడానికి ప్రభుత్వ సైన్యం స్కూన్‌కి ఉత్తరాన ఈ రోడ్డు వెంబడే రెండు దండయాత్రలు చేసింది. వాటికి చెన్లా-1, చెన్లా-2 అని పేరు పెట్టారు. చైనా వాళ్లు చెన్లా అని రాసుకున్న పాత రాజ్యపు రాజధాని ఈశానపురం శిథిలాలు కంపాంగ్ థామ్ దగ్గరే ఉన్నాయి, ఇప్పుడు సంబోర్ ప్రెయ్ కుక్ అంటారు. 2017లో యునెస్కో జాబితాకెక్కింది.  దండయాత్ర పేరు గొప్పదే గానీ, 1971 ఆగస్టులో మొదలైన చెన్లా-2 డిసెంబరు నాటికి కుప్పకూలింది. రోడ్డు మీద సన్నగా సాగిపోయిన సైన్యాన్ని వియత్నాం కమ్యూనిస్టు దళాలు ముక్కలు ముక్కలుగా కోసేశాయి. ఆ దెబ్బ నుంచి లాన్ నాల్ సైన్యం మళ్లీ కోలుకోలేదు.

1979 జనవరి 7న వియత్నాం సేనలు ఖ్మేర్ రూజ్ చేతిలోంచి నాంపెన్ పట్టుకున్నాయి. రియల్ నోట్లు మళ్లీ చెలామణిలోకి వచ్చింది 1980లో. 1991 పారిస్ శాంతి ఒప్పందం, 1993లో ఐక్యరాజ్య సమితి నడిపిన ఎన్నికలు, 1992లోనే అంగ్కోర్‌కి యునెస్కో గుర్తింపు, తర్వాత రోడ్డు బాగుపడటం. వీటన్నిటి ఫలితంగానే స్కూన్ అడ్డరోడ్డులో బస్సులు ఆగసాగాయి. నూనె అంగట్లో దొరికింది, కొనడానికి మనిషి దొరికాడు. దేశానికి వచ్చే విదేశీ పర్యాటకులు 2019 నాటికి 66 లక్షలయ్యారు. వాళ్లలో ఫొటో కోసం ఒక సాలీడు కొన్నవాళ్లూ, కాలు ఒక్కటి కొరికి కేక పెట్టినవాళ్లూ కావలసినంత మంది. ఆకలి కథ వాళ్ల కోసం బాగా పదునెక్కింది. ఒక సాలీడుతో పాటు ఒక విషాదం కూడా చేతికొస్తే కొన్నవాడికి గిట్టుబాటే కదా.

సరుకు మాత్రం బజారులో పుట్టదు. నేలలో నిట్టనిలువు బొరియ తవ్వుకుని, దాని మూతి దగ్గర పట్టుదారం అల్లుకుని బతికే జాతి ఇది. కాళ్ల మీద లేత చారలుంటాయి కాబట్టి దీన్ని ఇంగ్లీషులో జీబ్రా టరాంటులా అంటారు. పట్టేవాళ్లు దారం చూసి బొరియ గుర్తుపడతారు, సన్నపుల్ల లోపలికి పెట్టి కదిలిస్తారు, అది బయటికి రాకపోతే పారతో తవ్వుతారు. చేత్తో పట్టుకుని కోరలు అక్కడికక్కడే తీసేస్తారు. ఆడ సాలీడు పెరిగి గుడ్లు పెట్టడానికి ఏళ్లు పడుతుంది, కీచురాళ్లలా కొన్ని వారాల్లో పంట రాదు. కలిపి పెంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. కాబట్టి ఫారాల్లో లాభసాటిగా పెంచడం కష్టం, అడవే దిక్కు. ఆ అడవి కాస్తా రబ్బరు, జీడిమామిడి తోటలైపోయింది. చుట్టుపక్కల దొరికిన సరుకు ఇప్పుడు కంపాంగ్ థామ్ ప్రాంతం నుంచి, ఇంకా దూరం ప్రెయా విహియర్ నుంచి తేవాల్సి వస్తోంది. ఒకప్పుడు చిల్లరకి వచ్చిన సాలీడు కొన్నేళ్ల కిందటే డాలరు ధర పలికింది. కంబోడియా పల్లెటూరి కూలీ లెక్కలో అది చిన్న మొత్తం కాదు.

కోవిడ్‌లో విదేశీ బస్సులు ఆగిపోయినప్పుడు ఈ బజారుని ఎవరు నిలబెట్టారంటే సమాధానం తేలికే. కొనేవాళ్లలో పెద్ద భాగం ఖ్మేర్ జనమే. ఏప్రిల్‌లో వాళ్ల కొత్త సంవత్సరానికి, సెప్టెంబరు-అక్టోబరుల్లో పెద్దలకి పిండాలు పెట్టుకునే పచుమ్ బెన్‌కి నాంపెన్ ఖాళీ అవుతుంది. ఊళ్లకి పోతూ వస్తూ కార్లు ఇక్కడ ఆగుతాయి. వాళ్లు ఫొటోలు తీసుకోరు, కథ అడగరు. గట్టిగా బేరమాడి, పది సాలీళ్లో పదిహేనో కవరులో వేయించుకుని, పొట్టలు మరీ ఉబ్బినవి పక్కకి ఏరి, ఇంకో గుప్పెడు వేయించిన వెల్లుల్లి వేయమని దెబ్బలాడతారు.